బూజు మందుకూ నీలి మందుకూ మధ్య

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, యాభై దాటిన తర్వాత. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. ఒక పేజీ రాయాలంటే నాకు ఒక పూట పడుతుంది. తప్పులు కనిపిస్తే దిద్దుకుని చదవండి, విసుక్కోవద్దు. ఈ కథలోని వీరమ్మ మా పక్కింట్లో ఉండేది. రాస్తానంటే, "రాయి వదినా, కానీ నన్ను మంచిదాన్ని చేసి రాయొద్దు" అంది. పేర్లు మార్చి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

ఆ రోజు కూడా ఆ ఇంట్లో మామూలుగానే తెల్లారింది. రామసుబ్బయ్య వసారాలో మంచం మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. కోడలు సునీత వెనక పెరట్లో గిన్నెలు తోముతోంది. వీరమ్మ టీ గ్లాసు పట్టుకుని వంటింటికీ వసారాకీ మధ్య తిరుగుతోంది.

ఆ ఇంట్లో కోడలు మామతో మాట్లాడదు. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆ పద్ధతి పోయింది. మామా కోడలూ ఒకే టీవీ ముందు కూర్చుని నవ్వుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. కానీ వీరమ్మ తన మామగారు పోయేదాకా ఆయన ముందు నోరు విప్పలేదు. ఆ అలవాటు ఎవరూ చెప్పకుండానే సునీతకూ వచ్చింది. మామ వసారాలో ఉంటే ఆమె పెరట్లో ఉంటుంది. మామ పెరట్లోకి వస్తే ఆమె వంటింట్లోకి పోతుంది. ఒకరి మాట ఒకరికి చేరాలంటే అది వీరమ్మ నోటి మీదుగానే పోవాలి.

వీరమ్మకు ఆ పని ఇష్టమే. చేతగాని పని కూడా కాదు. "ఈ కూరలో ఉప్పు తప్ప ఇంకేమన్నా ఉందా" అని రామసుబ్బయ్య అంటే, ఆమె పెరట్లోకి వెళ్ళి, "మామకు బీపీ గదమ్మా, ఉప్పు కాస్త చూసి వేయి" అంటుంది. "మామ చెప్పులతోనే ఇల్లంతా తిరుగుతాడు, కడిగి కడిగి చస్తున్నా" అని సునీత అంటే, ఆమె వసారాలోకి వచ్చి, "అమ్మాయి ఇప్పుడే ఇల్లు కడిగిందయ్యా, జారతావు, చెప్పులు ఆడనే విడువు" అంటుంది. పెళ్ళై మూడేళ్ళయినా ఆ ఇంట్లో మామకూ కోడలికీ ఒక్క పేచీ రాలేదు. బజారంతా మెచ్చుకునేది. ఆ మెప్పంతా తనదేనని వీరమ్మకు లోపల కాస్త గర్వంగా ఉండేది.

"ఏమే, కొట్టంలో గోనెపట్టాల కింద ఏంది అది?" అన్నాడు రామసుబ్బయ్య ఆ పొద్దున. "ఎరువుకు బూజు పట్టి, తెల్లంగా ఉన్నింది ఆకుపచ్చగా తిరిగింది. బంగారం లాంటి ఎరువును పాడుపెట్టింది నీ కోడలు."

"పాడైంది కాదంట. కావాలనే పట్టిచ్చింది."

"కావాలనా? బూజు పట్టకుండా మందులు పోసీ పోసీ నా నడుము వంగిపోయింది. ఈమె ఏమో నీళ్ళు చల్లి, పట్టా కప్పి, దాన్ని చంటిబిడ్డను సాకినట్టు సాకుతా ఉండాది. రేపు తలలో పేలను గూడా పెంచుతుందేమో కనుక్కో."

వీరమ్మ నవ్వు ఆపుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. "మామ అడుగుతాండాడు, ఆ బూజు ఎట్ల పనిచేస్తదీ అని" అంది.

సునీత మొహం విప్పారింది. "నిజంగా అడిగినాడా?"

"అడక్క. చెప్పు."

"అది మంచి బూజు అత్తా. వేరును కుళ్ళబెట్టే చెడ్డ బూజు నేలలో ఉంటది గదా, దాన్ని ఇది తినేస్తది. రైతు సేవా కేంద్రంలో అరుణకుమారి మేడం పొడి ఇచ్చింది, దాన్ని వేపపిండితో బాటు ఎరువులో కలిపి నీడన పెట్టినా. ఇప్పుడు ఎరువంతా అల్లుకుంది. నారు నాటేటప్పుడు మొదళ్ళకు వేస్తే, మొక్కకు ఎండు తెగులు రాకుండా కాస్తది."

దాని పేరు ట్రైకోడెర్మా. ఆ ఇంట్లో మాత్రం అది బూజు మందుగానే మిగిలింది. రామసుబ్బయ్య ఏళ్ళ తరబడి టమాటా మొదళ్ళకు పోస్తూ వచ్చిన కాపర్ మందు నీళ్ళలో కలిపితే లేత నీలంగా ఉంటుంది, అందుకని అది నీలి మందు.

ఇక్కడ సునీత పట్టుదల ఎందుకో చెప్పాలి. ఆమె మొగుడు హరికృష్ణ దోర్నాలలో, శ్రీశైలం పోయే దారిలో ఒక హోటల్లో వంట చేస్తాడు. వారానికో రోజు ఇంటికి వస్తాడు. అక్కడే రూము తీసుకుని భార్యను తెచ్చుకోమని హోటలాయన ఎప్పటినుంచో అంటున్నాడు. సునీతకు ఊరు విడవడం ఇష్టం లేదు. వాళ్ళ పుట్టింటివాళ్ళు గిద్దలూరు దగ్గర కూరగాయలు పండించేవాళ్ళు, ఆమె చేతికి మట్టి పని తెలుసు. ఆఖరుకు మొగుడూ పెళ్ళాలు ఒక ఒప్పందానికి వచ్చారు. బోరు కింద ఉన్న అరెకరంలో టమాటా సునీత ఇష్టప్రకారం వేస్తుంది. పంట నిలబడితే హరికృష్ణ హోటలు మానేసి ఇంటికి వస్తాడు. నిలబడకపోతే ఆమె దోర్నాల పోవాలి.

వీరమ్మకు ఒక్కడే కొడుకు. ఆ అరెకరం టమాటా అంటే ఆమెకు కొడుకు ఇంటికి రావడం. ఆమె పొలం వైపు చూసి దణ్ణం పెట్టుకునేది కూడా.

"ఒక్క సంగతి అత్తా" అంది సునీత చేతులు కడుక్కుంటూ. "ఇది మాత్రం మామకు గట్టిగా చెప్పు. మొదళ్ళకు ఈ బూజు వేసినాక రెండు వారాల దాకా నీలి మందు పొయ్యగూడదు. పోస్తే ఇది చచ్చిపోతది. నా కష్టమంతా మట్టి. ఆకు మీద పురుగుమందు కొట్టుకోమను, దానికీ దీనికీ తగువు లేదు. నీలి మందు పొయ్యాలనే ఉంటే ఇప్పుడే చెప్పమను. ముందు అది పోసి, కొన్నాళ్ళు ఆగి, ఆ తర్వాత ఇది వేద్దాం. రెండూ వాడుకోవచ్చు అత్తా, ఒకదాని మీద ఒకటి పడగూడదు, అంతే. మామకు ఈ సంగతి తెలీదు. తెలీకుండా పోసేస్తాడు. అందుకే చెప్తాండా."

వీరమ్మ తలూపి బయలుదేరింది. పెరటి గడప దాటేసరికి 'మామకు తెలీదు' అన్న మాట ఆమె కాలికి అడ్డం పడింది. ఊహ తెలిసినప్పటినుంచీ మట్టిలో ఉన్న మనిషి. నీకు తెలీదంట అని ఎట్లా చెప్పడం? వంటింట్లోకి వచ్చేసరికి 'నా కష్టమంతా మట్టి' అన్నది కూడా తీసేసింది. నడవలోకి వచ్చేసరికి రెండు వారాల లెక్క ఆయనకు హద్దు గీసినట్టు ఉంటుందనిపించింది. వసారాలోకి వచ్చేసరికి ఆమె దగ్గర మిగిలింది చాలా చిన్న మాట.

"అమ్మాయి అంటాంది, ఈసారికి నీలి మందు ఎందుకులే, మామకు ఊరికే ఖర్చు అని."

రామసుబ్బయ్య నవ్వాడు. "నా ఖర్చు చూసేంత పెద్దదయిందా. మంచిదే. దానికి తోట చూసుకోమను, మందు సంగతి నేను చూసుకుంటా."

వీరమ్మ తిరిగి పెరట్లోకి వెళ్ళింది. "చెప్పినావా? ఏమన్నాడు?" అంది సునీత.

"సరేనన్నాడమ్మా."

నారు నాటారు. సునీత తట్టలో బూజు ఎరువు పెట్టుకుని ఒక్కో మొక్క మొదట్లో పిడికెడు వేసుకుంటూ పోయింది. మొక్కలు పట్టుకున్నాయి. చెయ్యెత్తు కాకపోయినా కళగా నిలబడ్డాయి. అప్పుడే గిద్దలూరు నుంచి కబురు వచ్చింది, వాళ్ళమ్మకు కంటి ఆపరేషను, తోడు ఉండాలని. సునీత వెళ్ళక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ, "తోటకు నీళ్ళు మాత్రం చూడమను మామను, ఇంకేమీ చెయ్యబళ్ళేదు" అంది. ఆ మాట వీరమ్మ ఉన్నదున్నట్టే చెప్పింది. అందులో మెత్తన చెయ్యాల్సింది ఏమీ కనపడలేదు ఆమెకు. కానీ రామసుబ్బయ్యకు ఏం తెలియాలో అది అందులోనూ లేదు.

రామసుబ్బయ్య తెలివితక్కువ మనిషి కాదు. పొద్దున నిటారుగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వేలాడేసి, చల్లబడ్డాక మళ్ళీ లేస్తే, చూసినవాళ్ళు ఎండకేమో అనుకుంటారు. ఆయన అనుకోడు. గట్టు పక్కన నాలుగైదు మొక్కలు అట్లా తల వేలాడేశాయి. ఒకదాన్ని పీకి కాండం చీల్చి చూశాడు. లోపల గోధుమ రంగు చార. ఎండు తెగులు. వెనకటికి ఒకసారి ఇట్లాగే రేపు చూద్దాంలే అని ఆగినందుకు తోట మొత్తం పోయిన సంగతి ఆయన మరిచిపోలేదు.

ఆ పూటే మార్కాపురం పోయి నీలి మందు తెచ్చాడు. బూజు వేసి అప్పటికి రెండు వారాలు కాలేదు. డ్రమ్ములో కలిపి, మగ్గుతో ఒక్కో మొక్క మొదట్లో పోశాడు. వంగిన నడుముతో పొద్దుగూకేదాకా పోశాడు. కూలిని కూడా పిలవలేదు.

ఇంటికి వచ్చాక చేతులు చూపించాడు వీరమ్మకు. గోళ్ళ సందుల్లో నీలం. "తెగులు తగిలిందే. సమయానికి చూసినా కాబట్టి సరిపోయింది. కోడలు ఖర్చు అనింది గానీ, నా ఖర్చు నేను పెట్టుకుంటా, నా కోడలి తోటకే గదా. ఆమెకు చెప్పమాకు. వచ్చినాక పచ్చంగా ఉన్న తోట చూసి సంతోషపడుద్ది."

వీరమ్మకు సునీత చెప్పిన మాటలన్నీ, తాను గడప గడపకూ వదిలేసిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. చెబుదామని నోరు తెరిచింది. ఆయన నడుము పట్టుకుని, నొప్పిలో కూడా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. 'పోసింది పోసేసినాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభం' అనుకుంది. కాపడానికి వేడినీళ్ళు పెట్టింది.

సునీత తిరిగి వచ్చేసరికి గట్టు పక్కన ఉన్న తెగులు తోట మధ్యకు వచ్చింది. ఆమె మొక్కల మధ్య గొంతుక్కూర్చుని మొదళ్ళు చూసింది. మట్టి మీద లేత నీలం పొక్కు కట్టి ఉంది. వేలితో గీకింది, వాసన చూసింది. ఇంటికి వచ్చి వీరమ్మ ముందు నిలబడింది.

"అత్తా, మామకు చెప్పినావు గదా?"

"చెప్పినా" అంది వీరమ్మ.

ఆ తర్వాత పంట నిలబడలేదు. ఒక వరస ఎండిపోతే పక్క వరస తల వేలాడేసేది. కాయలు పిందెల్లోనే ముడుచుకున్నాయి. హరికృష్ణ వచ్చిన రోజున తోటంతా తిరిగి చూసి, నేరుగా వసారాలోకి వచ్చాడు. సునీత తలుపు వెనక నిలబడింది.

"నాయనా, వద్దని చెప్పినాక ఎందుకు పోసినావు?" అన్నాడు.

"ఎవరు వద్దన్నారు?"

"సునీత చెప్పి పంపింది. సరేనన్నావంట గదా. సరేనని, ఆ పిల్ల ఊరికి పొయ్యేదాకా ఆగి, అప్పుడు పోసినావు. నీకిష్టం లేకపోతే మొదట్లోనే కాదనాల్సింది. చాటుగా చేసేదేంది?"

"చాటుగానా?" రామసుబ్బయ్య మంచం మీదనుంచి లేచాడు. "తెగులు తగిలిన తోటను కాపాడితే చాటుగా చేసినట్టా? పొయ్యొద్దని నాకెవరూ చెప్పలా. ఖర్చు అన్నారు, అంతే."

"ఖర్చు సంగతి ఎవురు చెప్పినారు నాయనా? పోస్తే బూజు చచ్చిపోతదని చెప్పి పంపింది ఆ పిల్ల. అమ్మ చేత."

ఇద్దరూ వీరమ్మ వైపు తిరిగారు. తలుపు వెనకనుంచి సునీత కూడా చూస్తోంది.

"ఏమే, నువ్వు చెప్పినావా నాకు?" అన్నాడు రామసుబ్బయ్య.

వీరమ్మ చేతిలో చాట ఉంది. ఇప్పుడు కాదంటే మూడేళ్ళ మాటలన్నీ బయటికి వస్తాయనిపించింది. కొడుకు తనను చూసే చూపు మారుతుంది, కోడలు మారుతుంది. ఆయన కోపం తనకు అలవాటే, ఆయన ఎంతైనా ఓర్చుకుంటాడు అనుకుంది.

"చెప్పినా గదా" అంది. "నువ్వు మరిచిపోయి ఉంటావు."

రామసుబ్బయ్య అరుస్తాడనుకుంది. అరవలేదు. ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "నాకు గుర్తులేదే" అన్నాడు మెల్లగా. మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. "నువ్వు చెప్పినానంటే చెప్పే ఉంటావు. అబద్ధం ఎందుకాడతావు."

హరికృష్ణ కోపం కూడా అక్కడ ఆగిపోయింది. అతను తలుపు వైపు తిరిగి, "సర్దుకో సునీతా. రూము మాట్లాడతా" అన్నాడు.

తర్వాతి రోజుల్లో తోట కంటే త్వరగా వాడిపోయాడు రామసుబ్బయ్య. ఆయన అన్న అంకన్న ఆఖరి రోజుల్లో కన్నబిడ్డల పేర్లు మరిచిపోయి, ఇంట్లో కూర్చుని ఇంటికి పోదాం పదండి అని ఏడ్చి ఏడ్చి పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. రామసుబ్బయ్య పొలం నుంచి సగం దూరం వచ్చి, మోటారు ఆపినానా లేదా అని వెనక్కి పోయేవాడు. ఆపే ఉండేది. మేకలను తోలుకొచ్చి, లెక్క సరిగ్గా ఉన్నా మళ్ళీ లెక్కపెట్టేవాడు. ఒకరోజు మోటారు స్టార్టరు పెట్టె తాళంచెవి తెచ్చి వీరమ్మ చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గర ఉంచుకో. నన్ను నమ్మబళ్ళేదు ఇంక."

"అట్లనమాకయ్యా. ఏమయింది ఇప్పుడు?"

"మా అన్నకు గూడా ఇట్లనే మొదలయింది. మాట చెప్పినామంటే లేదనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం."

వీరమ్మ ఆ తాళంచెవిని కొంగున ముడేసుకుంది. ముడి విప్పి తిరిగి ఇచ్చేయడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె నోట్లో ఉంది. పొద్దున చెబుదామనుకునేది, మాపటికి చెబుదామనుకునేది.

రూముకు సామాను చేర్చడానికి హరికృష్ణ ఆటో మాట్లాడుకుని వచ్చిన రోజు పొద్దున, వీరమ్మ కొట్టంలోకి వెళ్ళింది. రామసుబ్బయ్య మేకల ముందు పీట వేసుకుని కూర్చుని ఏదో గొణుక్కుంటున్నాడు. దగ్గరకు వెళ్తే వినపడింది. తమ పెళ్ళికి వచ్చిన చుట్టాల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాడు. కంభం మామ, తర్లుపాడు చిన్నత్త, ఆమె కొడుకులు. ఆమెను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"అందరూ వచ్చినారా చూడు. ఎవరినన్నా మరిచినానా?"

వీరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టింది. లోపలికి వెళ్ళి గిన్నెలు కట్టుకుంటున్న సునీత రెక్క పట్టుకుని బయటికి తెచ్చింది. "మామ ఉండాడు అత్తా" అంటూ సునీత వెనక్కి లాగింది. వీరమ్మ వదల్లేదు. ఆమెను ఆయనకు ఎదురుగా నిలబెట్టింది. హరికృష్ణ చేతిలో ఫ్యానుతో గుమ్మంలో ఆగిపోయాడు.

"నేను చెప్పలేదు" అంది వీరమ్మ. "ఈ పిల్ల చెప్పమన్నది నేను చెప్పలేదు. ఖర్చు అని నేనే కల్పించి చెప్పినా. ఆయన సరేననలేదు, సరేనన్నాడని నేనే చెప్పినా. మరిచిపోయినావని కూడా నేనే అన్నా. ఆయన ఏమీ మరిచిపోలేదు."

మొదట రామసుబ్బయ్యే నోరు తెరిచాడు.

"అంటే నా తల బాగానే ఉందంటావా?"

తిట్టినా కొట్టినా వీరమ్మ తట్టుకునేది. ఆయన గొంతులో వచ్చిన ఆ ఊరటను తట్టుకోలేకపోయింది. గోడకు ఆనుకుని జారి కూర్చుని ఏడ్చింది. "బాగుందయ్యా. నీ తల బాగుంది. నాదే కుళ్ళిపోయింది."

"ఎందుకమ్మా?" అన్నాడు హరికృష్ణ. "ఉన్నమాట చెప్తే ఏం పొయ్యేది?"

"తగువు వస్తదనుకున్నా. నువ్వు ఇంటికి వచ్చేదాకా ఇంట్లో తగువు రాకుండా ఉంటే చాలనుకున్నా."

సునీత అత్త పక్కన కూర్చుంది. కోపంగా లేదు, ఏదో వెతుక్కుంటున్నట్టుంది ఆమె మొహం. "అత్తా, ఒకటి అడుగుతా. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఉలవచారు కాచినా. మామ తిని, వాళ్ళమ్మ చేతి చారు మాదిరి ఉందన్నాడని చెప్పినావు. ఆ రోజు నేను మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్నా. అది మామ మాటేనా, నీ మాటా?"

వీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేననలేదమ్మా" అన్నాడు రామసుబ్బయ్య.

మూడేళ్ళలో ఆయన కోడలితో అన్న మొదటి మాట అది. అన్నాక ఆయనే తడబడ్డాడు. నేలవైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "ఆ మాట నేననలేదు. కానీ రెండోసారి పోయించుకున్నా. మూడోసారి అడుగుదామనుకుంటే గిన్నెలో అయిపోయింది."

సునీత నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మామా, తోట మీరు పోసినందుకే పోయిందని నేను గూడా అననులే. తెగులు ముందే తగిలి ఉండాది. బూజు వేసినా ఆగేదో లేదో. అడిగి ఉంటే కలిసి ఏదన్నా చేసి ఉందుము, అంతే."

"అడిగి ఉంటే" అన్నాడు రామసుబ్బయ్య. తలూపాడు.

వీరమ్మ ఆశగా తలెత్తింది. "అయితే ఉండమ్మా. ఇంకో పంట చూడు. నేను మధ్యలోకి రాను."

సునీత అత్త చెయ్యి పట్టుకుంది. "నీ మీద కోపం లేదత్తా. కానీ నాకు ఈ ఇంట్లో విన్న మాటల్లో ఏది ఎవరిదో తెలీకుండా పోయింది. మామ నన్ను మెచ్చుకున్నాడని నువ్వు చెప్పినవన్నీ కూడబెట్టుకున్నా. ఇప్పుడు ఏది తీసి చూసినా ఇది నిజమా అనిపిస్తది. కొన్నాళ్ళు పోనీ. నీ కొడుకు గూడా అక్కడ హోటలాయనకు మాటిచ్చినాడు."

హరికృష్ణ అమ్మ వైపు చూడకుండా ఫ్యాను ఆటోలో పెట్టాడు. సామాను ఎక్కువ లేదు. వెళ్ళేముందు సునీత మామ కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆయన ఏదో చెప్పాలనుకున్నాడు. ఎప్పటి అలవాటు కొద్దీ వీరమ్మ వైపు తిరిగాడు, ఆమె చెబుతుందన్నట్టు. వీరమ్మ తల దించుకుంది. ఆయన గొంతు సవరించుకుని, "జాగ్రత్తమ్మా" అని తనే అన్నాడు. ఆటో మలుపు తిరిగింది.

రామసుబ్బయ్య వీరమ్మను తిట్టలేదు. తాళంచెవి తీసుకుని పొలం పోయి, ఎండిన మొక్కలన్నీ పీకి తగలబెట్టాడు. చాలా రోజులు ఆమెతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండాలని ఆమె ఇన్నాళ్ళూ కోరుకుందో అంత నిశ్శబ్దంగా అయింది.

వానలు పడ్డాక అరెకరంలో మళ్ళీ నారు నాటాలనుకున్నాడు. ఈసారి వంగ. ఒక పొద్దున ఫోన్ తీసుకుని వసారాలో అటూ ఇటూ నడిచాడు. వీరమ్మ వంటింట్లోనుంచి వింది.

"అమ్మా సునీతా, నేను మామను. ఏం లేదు. వంగ వేస్తా ఉండా. ఆ బూజు మందు, మేడం దగ్గర తెచ్చినా. ఇప్పుడు నారుకు ముందు నీలి మందు పోసి తర్వాత ఇది వేసేదా, ముందు ఇది వేసేదా?"

ఫోన్లో స్పీకరు పెట్టుకునే అలవాటు ఆయనది. సునీత గొంతు వంటింటి దాకా వచ్చింది. వెనక హోటలు గిన్నెల చప్పుడు.

"నీలి మందు పొయ్యాలనుకుంటే ముందే పొయ్యండి మామా. పోసి రెండు వారాలు ఆగి, అప్పుడు బూజు ఎరువు వెయ్యండి."

"రెండు వారాలెందుకు? ఒక్క వారం చాలదా?"

"చాలదు."

"నా లెక్కన చాలుతది."

"మీ లెక్క తప్పు మామా."

వీరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మూడేళ్ళు ఆమె నడవలో దాచిపెట్టిన మాట అదే. అట్లాంటి మాటలు ఆయన చెవిన పడితే ఇల్లు నిలవదనుకుంది.

"తప్పా?" అన్నాడు రామసుబ్బయ్య. "సరే పో, రెండు వారాలే ఆగుతా. తప్పయితే నిన్నే అడుగుతా."

"అడగండి. ఈసారి అడగండి."

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత వంగలో మచ్చ తెగులు గురించి, హోటల్లో ఉలవచారుకు ఉలవలు ఎక్కడ కొంటున్నారన్నదాని గురించి, ఇంకా ఏవేవో మాట్లాడుకున్నారు. రెండుసార్లు గొంతులు పెరిగాయి, రెండుసార్లు తగ్గాయి. వీరమ్మ గురించి సునీత అడిగింది, బాగుందని ఆయన చెప్పాడు. ఫోన్ ఇవ్వమని ఆమె అడగలేదు, ఇస్తానని ఆయన అనలేదు.

వీరమ్మ పొయ్యి కట్టేసి అక్కడే కూర్చుంది. పెరటి గుమ్మం నుంచి వసారా దాకా ఇరవై అడుగులు కూడా ఉండదు. ఇన్ని మాటలూ ఆ ఇరవై అడుగుల్లోనే వినపడి ఉండేవి. ఇప్పుడు అవి దోర్నాల నుంచి రావాల్సి వస్తోంది.

రామమ్మ, అరవై తొమ్మిదేళ్ళు.
ఇప్పుడు కనిగిరిలో కూతురి దగ్గర ఉంటున్నాను.